చెరువు గట్టున ‘సి’ పాఠం

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద తెల్లవారుజామున ఓ కంగారు ఉంటుంది. రాత్రంతా చేపలు, నీటిలోని నాచు, అడుగున బురద... అన్నీ ఆక్సిజన్ వాడుకునేవే. ఎండ లేదు కాబట్టి నాచు తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. పొద్దు పొడిచేలోగా ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే కాపలా మనిషికి రైతు ముందే చెప్పి ఉంచుతాడు: ‘చేపలు పైకొస్తే ఏరేటర్ వెయ్యి. కాసేపాగి చూడు. ఇంకా పైనే ఉంటే ఆపకు. కిందికెళ్లాక ఆపెయ్.’

ఇంటర్ పాసై బీటెక్‌లో చేరిన పిల్లలకు మొదటి ఏడాది బెంగ పెట్టే పాఠంలో సగం ఈ నాలుగు మాటల్లోనే ఉంది!

ఆ పాఠం పేరు ‘ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్’. కాకినాడ జేఎన్‌టీయూ 2023-24లో తెచ్చిన ఆర్23 నిబంధనల్లో దీన్ని అన్ని బ్రాంచీలకూ ఉమ్మడిగా పెట్టింది. సివిల్ అయినా, మెకానికల్ అయినా తప్పదు. భాష ‘సి’. థియరీకి మూడు క్రెడిట్లు, ల్యాబ్‌కి ఒకటిన్నర. ఏలూరు వైపు జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో చేరేవాళ్లకు ఎదురయ్యేది ఇదే. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నిట్ సొంతంగా పట్టాలిచ్చే జాతీయ సంస్థ. దాని సిలబస్ దానిది. అయినా ఎక్కడ చదివినా తొలి మెట్టు ఒకటే... పనిని ముక్కలుగా విడగొట్టి, వరుసలో చెప్పడం.

రైతు చెప్పిన ‘పైకొస్తే’ అన్న మాట ప్రోగ్రామ్‌లో ‘ఇఫ్’ అవుతుంది. ‘ఇంకా పైనే ఉంటే ఆపకు’ అన్నది ‘వైల్’. తేడా ఎక్కడంటే, ‘కాసేపు’ అంటే ఎంతో కాపలా మనిషికి తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. పది నిమిషాలా, అరగంటా? అది రాయాల్సిందే. ‘మళ్లీ చూడు’ అన్న వాక్యం మరిచిపోతే ఏరేటర్ తిరుగుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో తెర మీద ఒకటే అంకె ఆగకుండా పరుగెత్తడం చూసి కుర్రాళ్లు బెదిరిపోయేది సరిగ్గా ఈ పొరపాటుకే.

ఇంగ్లిష్ రాదని భయపడే తెలుగు మీడియం పిల్లలు ఒకటి గమనించాలి. 1989 ప్రమాణం ప్రకారం ‘సి’లో ప్రత్యేక పదాలు 32. అంతే! ఇబ్బంది పదాలతో కాదు, కచ్చితత్వంతో. కొల్లేరునే తీసుకోండి. +5 అడుగుల కాంటూరు దాకా ఉన్న ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ‘ఐదు లోపు’, ‘ఐదు దాకా’ అనే మాటల్ని మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. ప్రోగ్రామ్‌లో కుదరదు. సరిగ్గా గీత మీదున్న పొలం లోపలా, బయటా? ‘కంటే తక్కువ’ గుర్తు పక్కన ‘సమానం’ చేర్చామా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఐదును మూడుకు తగ్గించాలన్న డిమాండు కూడా ఏళ్ల తరబడి ఉంది. ఆ ఐదును ప్రోగ్రామ్‌లో ఇరవై చోట్ల రాసినవాడు, మార్చమంటే ఎక్కడో ఒకచోట మరిచిపోతాడు. పైన ఒక్కచోట పేరు పెట్టి రాసుకున్నవాడికి ఒక్క దిద్దుబాటుతో సరి.

‘సి’లో ఇంకో గమ్మత్తు. రెండు ‘సమానం’ గుర్తులు పక్కపక్కన పెడితే ‘ఇవి సమానమా?’ అని ప్రశ్న. ఒక్కటే పెడితే ‘దీన్ని అందులో పెట్టు’ అని ఆజ్ఞ. మీటరు ఐదు చూపిస్తోందా అని అడగబోయి, అంకెను ఐదు చేసేయమని చెప్పినట్టవుతుంది. చాలాసార్లు ప్రోగ్రామ్ ఆగను కూడా ఆగదు. చెరువులో ఏం జరుగుతున్నా లెక్కలో మాత్రం ఐదే!

ఇలాంటివి చేత్తో తప్పులు చేస్తేనే పట్టుబడతాయి. మన దగ్గర జరిగేది వేరు. సీనియర్ రికార్డు తెచ్చుకుని ప్రోగ్రాములు ఎక్కించేయడం, పరీక్ష ముందు పద్యంలా బట్టీ కొట్టడం. ఎగ్జామినర్ ‘ఐదు అంకెలకు రాశావు కదా, పదింటికి చెయ్’ అనగానే చెమటలు. బ్యాక్‌లాగ్ పడ్డాక ఇంట్లోవాళ్లు ‘మావాడికి బుర్ర లేదేమో’ అనుకుంటారు. బుర్ర లేక కాదు, ఎవరూ వాడిచేత ఒక్కో వాక్యం నడిపించి చూపించక.

ఆ నడిపించే పనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పచారీ లెక్కల పుస్తకంలోలా గడులు గీసి, ఒక్కో పేరుకి ఒక్కో గడి ఇచ్చి, వాక్యం మారినప్పుడల్లా విలువ మార్చి రాసుకుంటే చాలు. నాలుగో వాక్యం దగ్గరే తప్పు దొరికిపోతుంది. తర్వాత ఫోన్‌లోనైనా ఉచిత కంపైలర్‌తో సరిచూసుకోవచ్చు. క్లాసులో అర్థం కానివాళ్లకు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల ‘సి’ పాఠాలు డబ్బు కట్టకుండానే వినొచ్చు.

ఇంజినీరింగ్ కాని వాళ్లకూ ప్రోగ్రామింగ్ నేర్పాలన్నది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల మాస్టర్లు సాహిత్యం, చరిత్ర చదివే పిల్లల్నీ దృష్టిలో పెట్టుకుని ‘బేసిక్’ అనే భాష తయారుచేశారు. ఆ పేరులో మొదటి అక్షరానికి అర్థమే ‘బిగినర్’. దాని తొలి ప్రోగ్రామ్ నడిచింది 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగింటికి. మన చెరువుల మీద ఏరేటర్లు తిరిగే వేళే!

మీ ఇంట్లో ఈ ఏడు బీటెక్‌లో చేరినవాళ్లుంటే ఆ రైతు మాటల్ని కాగితం మీద వాక్యాలుగా రాయమనండి. రాశాక ఒక్కటి అడగండి... మధ్యలో కరెంటు పోతే?