ఒక్క ఎద్దుతో అరక నడవదు

ఈరోజు పంటల సంగతి కాదు, కబడ్డీ ముచ్చట. మన తెలుగు టైటాన్స్ గురించి.

ప్రో కబడ్డీ 8, 9, 10 సీజన్లు యాదికి తెచ్చుకోండి. సీజన్‌కు 22 మ్యాచ్‌లు. మనోళ్లు గెలిచినవి ఒకటి, రెండు, మళ్లీ రెండు. 66 ఆటల్లో 5 గెలుపులు! మూడుసార్లూ అట్టడుగే. అయినా రాత్రి టీవీ ముందర కూసున్నది మనమే, తిట్టుకున్నదీ మనమే.

10వ సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నరు. అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. ఆయన కూత బాగానే పెట్టిండు. కానీ ఆయన ఔటై బయట కూసుంటే ఆయన్ని మళ్లీ లోపలికి తెచ్చేటోడేడి? అవతలోడి కాలు పట్టేటోడేడి? మరుసటి సీజన్ 12 గెలిచినా ప్లేఆఫ్ అందలే.

ఇక వింత వార్త. 2025లో పవన్ లేకుండానే, విజయ్ మాలిక్ కెప్టెన్సీలో అదే జట్టు మూడో స్థానం దాకా పోయింది. ఒక్కడి మీద కాకుండా ఏడుగురి మీద బరువు పడ్డది.

ఖరీదైన ఎద్దుకు బక్కెద్దును జోడు కడితే సాలు వంకర పోదా? మన సంక్రాంతి పోటీలకూ బయటి ఆటగాణ్ణి పైసలిచ్చి తెస్తున్నం. మన పొలగాళ్లు గట్టు మీద నిలబడి చూస్తున్నరు. అవే పైసలతో వాళ్లకు నెలరోజులు గుడ్లు, పాలు పెట్టి కలిపి ఆడిద్దాం. ఓడినా మనోళ్లే ఓడతరు. వచ్చే ఏడు గెలిచేదీ వాళ్లే.

మీరేమంటరు?