భూమి ఇచ్చిన జవాన్ల పేర్లు కూడా రాసి పెట్టండి

సింగరేణి కాలరీస్ కంపెనీ చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
కొత్తగూడెం.



గోదావరిఖని నుంచి రాస్తున్నాను. ఇది ఫిర్యాదు కాదు, ఒక పని కోసం చేస్తున్న విన్నపం. ఆ పనికి కావలసిన రికార్డులు, మనుషులు, డబ్బు మీ కంపెనీ దగ్గర ఉన్నాయి. లేనిదల్లా వ్యవధి.

రామగుండం, మంథని చుట్టుపక్కల పల్లెల నుంచి మిలిట్రీకి పోయి, యుద్ధం చూసి, తిరిగొచ్చి మళ్లీ నాగలి పట్టిన రైతులు ఉన్నారు. 1971లో ఇరవై ఏళ్లున్న పిల్లగాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు చేరువైంది. 1965 యుద్ధం చూసినవాళ్లు ఎనభై దాటారు. 1962లో చైనా సరిహద్దుకు పోయినవాళ్లు మిగిలి ఉంటే ఎనభై అయిదుకు అటూ ఇటూ ఉంటారు. వీళ్లలో కొందరి చెలకలు తర్వాతి కాలంలో ఓపెన్‌కాస్టు గనుల కింద పోయాయి. వయసులో ఉన్నప్పుడు దేశానికి తమ ఒళ్లు ఇచ్చారు, వయసు మళ్లాక భూమి ఇచ్చారు. వాళ్ల జీవితాలను వాళ్ల మాటల్లోనే సింగరేణి రికార్డు చేయించాలి. ఈ లేఖ అందుకే.

మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. అందరికీ మిలిట్రీ బాపు. ఆయన పుట్టినప్పుడు గోదావరిఖని అనే పట్నమే లేదు. ఇక్కడ ఉన్నవి జనగామ, మేడిపల్లి లాంటి పల్లెలు, గోదావరి ఒడ్డు, అడవి. కాజీపేట-బల్లార్షా లైను 1929లోనే పూర్తయింది కాబట్టి రామగుండం స్టేషన్ మాత్రం ఉంది. ఆ స్టేషన్లోనే రైలెక్కి సికింద్రాబాద్ పోయి సైన్యంలో చేరాడు. లారీ డ్రైవరయ్యాడు. 1971 డిసెంబర్‌లో తూర్పు సరిహద్దులో, అగర్తలా వైపు, రేషను, మందుగుండు మోశాడు. 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడంతో ముగిసింది. అట్లా లొంగిపోయినవాళ్లు 93 వేల మంది అని పుస్తకాలు చెబుతాయి. ఆయన మాటల్లో ఆ గెలుపు పెద్దగా రాదు, కాందిశీకులే వస్తారు. ఆ ఏడాది దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. తలమీద చాప, చంకలో పిల్ల, చేతిలో మేక తాడు. రోడ్డు పొడుగూతా వాళ్లే. లారీకి దారి ఇవ్వడానికి పక్కకు జరిగి నిలబడేవాళ్లట.

అదే 1971లో ఇక్కడ రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం మొదలైంది. సెలవు మీద వచ్చి రైలు దిగితే పొగగొట్టం కనబడిందని, ఊరికి మంచి రోజులొచ్చినయని సంబరపడ్డానని అంటాడు. ఆ కేంద్రం కూడా 2024లో మూతపడింది.

పదిహేనేళ్లు నిండాక పెన్షన్‌తో ఇంటికొచ్చి ఎవుసం చేశాడు. జొన్న, పత్తి, బాయి కింద కొంచెం వరి. ఆ బాయి అన్నదమ్ములు కలిసి తవ్వుకున్నదే. ఎనభైల్లో, తొంభైల్లో ఈ పల్లెలు పడ్డ యాతన మీకు తెలియనిది కాదు. రాత్రి నక్సలైట్ అన్నలు, పగలు పోలీసులు. మిలిట్రీ నుంచి వచ్చినవాడంటే ఇద్దరికీ అనుమానమే. ఆ ఏండ్లను కూడా దాటుకొని ఎడ్లు కట్టాడు.

తర్వాత ఓపెన్‌కాస్టు కోసం ఊరే లేచింది. పరిహారం సంగతి వేరే చర్చ, దాన్ని ఇక్కడికి తేవడం లేదు. సామాన్లు ట్రాక్టర్లో ఎక్కించిన రోజున ఆయన అన్న మాట ఒక్కటి చెబుతాను: "ఊరు ఇడిసిపోవుడు ఎట్లుంటదో నేను అప్పుడే సూసిన బిడ్డా. అప్పుడు లారీల నేనున్న, రోడ్డు మీద వాళ్లున్నరు."

ఇట్లాంటి మాట ఏ ఫైల్లోనూ ఉండదు. భూసేకరణ కాగితంలో సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, ఎన్ని చెట్లున్నాయో ఉంటుంది. బాయికి కూడా విలువ కడతారు. ఆ బాయి ఎవరు తవ్వారో, ఏ జీతం డబ్బుతో ఒర కట్టించారో రాసే గడి అందులో లేదు.

కంపెనీకి తన చరిత్ర మీద శ్రద్ధ ఉంది. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టిన నాటి నుంచి ప్రతి మలుపూ రాసి ఉంది. కంపెనీకి ఇప్పుడున్న పేరు వచ్చిన 1920 డిసెంబర్ 23ను ఏటా సింగరేణి దినంగా జరుపుతారు. ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికులను కూడా ఈ నేల మరవలేదు. 2003 జూన్ 16న సెవెన్ ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయిన సంగతి ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. మరచిపోయింది గని పైనున్న రైతును. ఏటా దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తున్నారు. అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే, అందులోనూ కొంత ఒకప్పుడు ఎవరో ఒకరు దున్నిన నేలదే.

పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే రైతుల ఊరుంది. ఇంటికొకరు చొప్పున సైన్యానికి పోయిన ఊరు కాబట్టి దాని పేరే మిలిటరీ మాధవరం అయింది. అక్కడ ఊరు ఉంది కాబట్టి జ్ఞాపకం నిలిచింది. మా దగ్గర ఊళ్లే లేచిపోయాయి. రచ్చకట్టతో పాటే అక్కడ చెప్పుకొనే ముచ్చట్లూ పోయాయి.

మీరు చేయగలిగింది పెద్ద ఖర్చు కాదు. నిర్వాసితుల జాబితాలు మీ ఏరియా ఎస్టేట్ ఆఫీసుల్లో ఉన్నాయి, మాజీ సైనికుల జాబితాలు సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు తేలతాయి. వాళ్ల ఇండ్లకు మనుషులను పంపి మాట్లాడించండి. పట్టా కాగితాలు, డిశ్చార్జ్ బుక్కులు, సంగ్రామ్ మెడళ్లు ఇంకా ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఫొటోలు తీయించండి. పాత గ్రామపటం మీద ఎవరి చెలక ఎక్కడుండేదో వాళ్ల చేతనే గుర్తు పెట్టించండి. మట్టిగుట్టల మీద మీరు పెంచుతున్న వనాల దగ్గర ఆ పటాన్ని, పేర్లను నిలబెట్టండి. సింగరేణి సేవా సమితి మా పిల్లలకు ఆర్మీ భర్తీ కోసం శిక్షణ ఇస్తోంది, అది మంచి పని. ఆ పిల్లల ముందు ఈ పెద్దమనుషులను ఒక్కరోజు కూర్చోబెట్టండి.

ఇంకొక్కటి. పెన్షన్‌కు సరిపడా సర్వీసు నిండకముందే వెనక్కి వచ్చినవాళ్లలో మాజీ సైనికుల ఆరోగ్య పథకం కార్డు లేనివాళ్లు ఉంటారు. భూమి ఇచ్చిన అట్లాంటి ముసలివాళ్లకు, వాళ్ల ఇంటి ఆడవాళ్లకు మీ ఏరియా ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం ఇప్పించండి. వాళ్ల సంఖ్య మీ బడ్జెట్‌కు భారమయ్యేంత ఉండదు.

డిసెంబర్ 16 విజయ్ దివస్, సరిగ్గా వారానికి సింగరేణి దినం. ఈసారి 16న ఏరియా జనరల్ మేనేజర్లు ఆ ఇండ్లకు వెళ్లాలి. 23న జెండా కింద కార్మికులతో పాటు వాళ్లనూ నిలబెట్టి సన్మానించాలి. ఆదేశం మీ చేతిలో ఉంది, దయచేసి ఇవ్వండి.

ఇది చదివే కోల్‌బెల్టు జనానికీ ఒక మాట. మీ ఇంట్లో అట్లాంటి తాత ఉంటే కంపెనీ వచ్చేదాకా ఆగకండి. ఇయ్యాల్నే పక్కన కూసొని, ఫోన్లో ఆయన మాటలు రికార్డు చేయండి.

ఇట్లు,
గోదావరిఖని వాసి