సూరత్ హోటల్ బిల్లు: చట్టం తోడు వచ్చేది ఎంతవరకు?

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ సామెతకు పునాది వేసినవి పెద్ద హోటళ్లు కావు. వీధిలో ఆవిరి మీద ఉడికే లోచో, శీతాకాలపు పొంక్, ఉంధియు, శరత్ పూర్ణిమ మరునాడు చందనీ పడవాకు పంచుకునే ఘారీ ఆ పేరు తెచ్చాయి. నేడు అదే నగరంలో వేసు, పిప్లోద్, అడాజణ్ వంటి ప్రాంతాల్లో మసక వెలుతురు, హోరెత్తే సంగీతం, దళసరి మెనూ కార్డులు గల భోజనశాలలు వెలిశాయి. అటువంటి చోట తిని నిరాశతో బయటికి వచ్చినవారి ఫిర్యాదు దేశంలో ఏ నగరంలోనైనా ఒక్కటే. ధర ఎక్కువ, రుచి తక్కువ, బిల్లులో తాము అడగని పద్దు ఒకటి అదనం. ఈ మూడింటిలో చట్టం దేనికి తోడు వస్తుందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వెళ్లి లింబాయత్ పరిసరాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో అనేకం. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నదంటే ఆ జనాభా ఎంతటిదో ఊహించవచ్చు. మీటరు లెక్కన కూలి తీసుకునే ఇంట్లో పిల్లవాడు పరీక్ష నెగ్గాడనో, పెళ్లిరోజనో ఒక పూట బయట తినడం చిన్న ఖర్చు కాదు. రెండు వేల రూపాయల బిల్లుపై రెండు వందలు అదనంగా పడితే సంపన్నుడు గమనించకపోవచ్చు, ఈ ఇంట్లో మాత్రం ఆ రాత్రి దాని గురించే మాట్లాడుకుంటారు.

మొదట ధర సంగతి. హోటల్ వంటకానికి ఇంత మించి వసూలు చేయరాదని చెప్పే చట్టం లేదు. సీసాలో వచ్చే మంచినీటి విషయంలోనూ 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు హోటళ్ల పక్షానే తీర్పు ఇచ్చింది. అక్కడ కూర్చునే వసతి, వడ్డన, వాతావరణం కూడా నీటితో పాటు అందుతున్నందున గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువ తీసుకోవచ్చని దాని సారాంశం. గుజరాత్‌లో దీనికి మరో కోణం ఉంది. మద్యం దొరికే నగరాల్లో బార్ అండ్ గ్రిల్ అనిపించుకునే హోటళ్లకు లాభంలో పెద్ద వాటా గ్లాసు నుంచే వస్తుంది. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి మద్యనిషేధం అమల్లో ఉన్న గుజరాత్‌లో ఆ దారి లేదు. 2023 డిసెంబరులో ఇచ్చిన సడలింపు గాంధీనగర్ సమీపంలోని గిఫ్ట్ సిటీకే పరిమితం. కాబట్టి అదే తరహా అలంకరణకు, అద్దెకు అయ్యే వ్యయమంతా కబాబు పళ్లెం మీద, పండ్లరసాల మాక్‌టెయిల్ మీద పడక తప్పదు. పేరులో బార్ ఉన్నా లేకున్నా లెక్క ఇదే.

ఇక అడగని పద్దు, అనగా సేవా రుసుము. ఇక్కడ మాత్రం నిబంధన స్పష్టంగా ఉంది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేసింది. సేవా రుసుమును బిల్లులో తనంతట తానుగా చేర్చరాదు. వేరే పేరు పెట్టీ వసూలు చేయరాదు. ఇవ్వనన్న వారికి ప్రవేశం నిరాకరించరాదు. ఆ రుసుమును కూడా కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయరాదు. హోటల్ యజమానుల సంఘాలు కోర్టుకు వెళ్లగా కొన్నాళ్లు స్టే నడిచింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ మార్గదర్శకాలను సమర్థించి, పిటిషన్ వేసిన రెండు సంఘాలకు చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించారు. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. అదే ఏడాది ఆగస్టులో డివిజన్ బెంచ్ వేసిన ప్రశ్న సామాన్యుడి మనసులోనిదే. 20 రూపాయల నీటి సీసాకు వాతావరణం పేరిట 100 తీసుకుంటున్నప్పుడు, సేవకు మళ్లీ వేరే రుసుము ఎందుకు?

లెక్క వేసి చూద్దాం. భోజనం 2,000 రూపాయలు. పది శాతం సేవా రుసుము చేర్చితే 2,200. దానిపై 5 శాతం జీఎస్టీ 110 కలిస్తే 2,310. రుసుము లేకుంటే 2,100. పన్ను మీద కూడా పది రూపాయలు అదనమన్నమాట, అదీ ప్రభుత్వ పన్ను అన్న ముసుగులో. వడ్డించిన వ్యక్తికి ఇందులో ఎంత చేరిందో బిల్లు చూసి ఎవరూ చెప్పలేరు. యజమానులు సిబ్బంది సంక్షేమాన్ని ముందు పెట్టి వాదిస్తారు. జీతం పెంచి ఆ భారాన్ని మెనూ ధరలో చూపడానికి అడ్డు ఏమిటన్న దానికి మాత్రం ఇంతవరకు నమ్మదగిన సమాధానం రాలేదు.

పన్ను విషయంలో మరొకటి గమనించాలి. విడిగా నడిచే హోటళ్లు 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి గాని, సరుకులపై తాము కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోలేవు. అది వాటి ఖర్చులో కలిసిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న, చీజ్‌లపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ప్యాకెట్ పన్నీరుపై పూర్తిగా పోయింది. అంటే వంటింటి ఖర్చు ఎంతో కొంత దిగినట్టే. పన్నీర్ టిక్కా ధర దిగిందా అన్నది ఎవరి మెనూ కార్డు వారు పాతదానితో పోల్చి చూసుకోవలసిన విషయం. చిన్న హోటళ్లలో కాంపొజిషన్ పథకం కింద ఉన్నవి గ్రాహకుడి నుంచి జీఎస్టీ తీసుకోవడానికే వీల్లేదు. ఆ మాట బిల్లుపై రాయాలి కూడా.

చివరకు రుచి. ఉప్పు ఎక్కువైందని, మాంసం రబ్బరులా సాగిందని, అరగంట ఆలస్యమై చల్లారిన రొట్టె వచ్చిందని వినియోగదారుల కమిషన్ ముందు నిరూపించడం దుస్సాధ్యం. కమిషన్ రుచి చూడదు. పాడైన పదార్థం, పురుగు, శాకాహారం అడిగితే మాంసం రావడం, మెనూలో ఒకటి రాసి మరొకటి పెట్టడం, బిల్లు ఇవ్వననడం మాత్రం ఫిర్యాదుకు నిలుస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే లెక్కిస్తుంది. 2022 జనవరి నుంచి బిల్లుపై 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉండటం తప్పనిసరి.

అందువల్ల కూర్చున్న వెంటనే మెనూ చివరి పేజీలోని చిన్న అక్షరాలు చదవడం, సేవా రుసుము కనిపిస్తే డబ్బు కట్టకముందే తొలగించమనడం, నిరాకరిస్తే బిల్లు ఫొటో తీసుకోవడం మేలు. ఆపై జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా కలెక్టరుకు రాయవచ్చు, జిల్లా కమిషన్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కమిషన్‌లో రుసుము లేదు. 1915 సేవ అందే 17 భాషల్లో గుజరాతీతో పాటు తెలుగు కూడా ఉంది.