తుప్పు మీద పుట్టీ

పాత అంబాసిడర్ గానీ, ప్రీమియర్ పద్మిని గానీ కొని బాగుచేసుకోవాలన్న సరదా మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈమధ్య బాగానే పెరిగింది. సంతోషం. కాకపోతే నన్ను సలహా అడిగే ప్రతివాళ్ళూ ఇంజను గురించే అడుగుతారు. స్టార్టవుతుందా, ఎంత ఇస్తుంది, స్పేర్లు దొరుకుతాయా... ఇవే ప్రశ్నలు. బాడీ సంగతికొచ్చేసరికి "ఏముందండీ, పెయింటు కొట్టించేస్తే సరి" అని తేల్చేస్తారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంజను తర్వాత చూసుకోవచ్చు, ముందు రేకు చూడండి. ఆ రేకు పనిలో సగం ఇంటి దగ్గర మీరే చెయ్యాలి. మిగతా సగం మీరు చెయ్యనే కూడదు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలన్నదే అసలు గొడవ.

ముందు రేకు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. అంబాసిడర్ అంటే ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మొదలుపెట్టి 2014 మే వరకూ చేశారు. లారీకి ఉన్నట్టు దీనికి కింద విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. ఫ్లోరు, డోర్ల కింద ఉండే గడపలు, స్తంభాలు, టాపు అన్నీ కలిసి ఒకే పెట్టె. ఆ పెట్టే బరువు మోస్తుంది. ఇంజను పోతే ఇంకోటి దించి ఎక్కించొచ్చు, గేరుబాక్సూ అంతే. గడపలు లోపలినుంచి తినేస్తే మాత్రం ఆ కారు నడుం విరిగినట్టే. డోరు తెరిస్తే మళ్ళీ సరిగా పడదు. మనవాళ్ళేమో "డోరు కొంచెం జారింది, కీలు బిగిస్తే సరిపోద్ది" అనుకుంటారు. జారింది డోరు కాదు, కారు.

మా గోదావరి జిల్లాల సంగతి మరీనూ. నేను పనిచేసింది మా మేనమామ వాడిన 1978 మోడల్ మార్క్ 3 మీద, పాలకొల్లు దగ్గర ఊళ్ళో. కోనసీమలో గానీ నరసాపురం వైపు గానీ కొబ్బరిచెట్ల కింద రేకుల షెడ్డులో పదేళ్ళు నిలబడ్డ కారుని హైదరాబాదులో నిలబడ్డ కారుతో పోల్చకండి. చుట్టూ కాలవలు, వరిచేలు, గాల్లో ఎప్పుడూ తడి. తీరం దగ్గరైతే ఆ తడిలో ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు తగిలిన ఇనుము మామూలు ఇనుము కంటే త్వరగా తింటుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసిన బళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. నీళ్ళలో మునిగి తేలిన కారుని పైన కడిగి తుడుస్తారు సరే, గడప లోపల పేరుకున్న వండ్రు ఎవరు తీస్తారు? డోర్ల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి. వాటిలో ఆకూ అలమూ, మట్టీ పట్టేస్తే వాన నీళ్ళు లోపలే నిలవుంటాయి. అందుకే తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. పైన పెయింటు మీద చిన్న పొక్కు కనపడిందంటే వెనక అరచేతంత రేకు పోయిందని అర్థం. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే ఆ పొక్కు లేస్తుంది.

ఇప్పుడు పుట్టీ దగ్గరికి వద్దాం. పుట్టీ చెడ్డది కాదు. చక్కగా కొట్టి సరిచేసిన శుభ్రమైన రేకు మీద ఒక మిల్లీమీటరో రెండో పూస్తే నునుపు వస్తుంది. దాని పని అంతవరకే. అది పాలియెస్టర్ బంక, పౌడరు కలిపిన ముద్ద, తేమని కొంచెం కొంచెంగా పీలుస్తుంది. దాన్ని తీసుకెళ్ళి తుప్పు మీదే పెడితే తుప్పుకి తడిగుడ్డ చుట్టినట్టు. మన భాషలో చెప్పాలంటే ఖాళీ క్యాచ్ బ్లాక్ రాసి ఎర్రర్‌ని మింగేయడం. డెమో రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, రెండు వర్షాకాలాలు గడిచాక ప్రొడక్షన్‌లో పేలుతుంది :)

ఈ పాపం టింకర్లదే అని చాలామంది తిడతారు. నేను ఒప్పుకోను. ఒక షెడ్డులో నా ఎదురుగానే జరిగిన మాటలు వినండి. టింకరు చెప్పాడు: "తుప్పంతా కోసి కొత్త రేకు వెయ్యాలంటే వారం పడుద్దండి. పుట్టీ అయితే రేపు సాయంత్రానికి ఇచ్చేస్తానండి." కారాయన ఏమన్నాడు? "రేపటికే ఇచ్చెయ్ బాబాయ్, ఎల్లుండి పెళ్ళుంది. రేటు మాత్రం కొంచెం చూసుకో." ఇప్పుడు చెప్పండి, పుట్టీ పెట్టింది ఎవరు? పని తెలిసినవాడు రెండు దార్లూ చెప్పాడు. డబ్బులిచ్చేవాడు ఒకటి ఎంచుకున్నాడు. రిలీజు తేదీ ముందే ఫిక్స్ చేసేసి తర్వాత క్వాలిటీ గురించి ఉపన్యాసం ఇచ్చే మేనేజర్లని రోజూ చూస్తూ, మనమూ శనివారం ఆటోనగర్‌కి వెళ్ళి అదే పని చేస్తాం.

సరే, ఇంట్లో ఏం చెయ్యొచ్చు? ఓపిక కావలసినవన్నీ చెయ్యొచ్చు. అయస్కాంతం ఒకటి పలచటి గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పండి, అంటుకోని చోటల్లా కింద పుట్టీ ఉన్నట్టే. సుద్దముక్కతో గీసుకోండి. ఫొటోలు తీసుకుంటూ బీడింగులు, దీపాలు, బంపర్లు, సీట్లు విప్పండి. ప్రతి బోల్టునీ పేరు రాసిన డబ్బాలో వెయ్యండి. పాత పెయింటు గీకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది కాబట్టి తడిపి రుద్దండి, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న ఇనప భాగాలకి తుప్పు వదలాలంటే చక్కెర మిల్లు మొలాసిస్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి రెండుమూడు వారాలు నానెయ్యండి. వాసన భరించలేం గానీ మంచి ఇనుము జోలికి పెద్దగా పోకుండా తుప్పుని తీసేస్తుంది. అల్యూమినియం ముక్కలు మాత్రం అందులో వెయ్యకండి, తినేస్తుంది. శుభ్రమైన రేకుని ఒక్క రాత్రి కూడా ఉత్తగా వదలకండి, మా వైపు గాలికి పొద్దున్నకల్లా ఎర్రబడుతుంది. సాయంత్రానికే ప్రైమరు కొట్టెయ్యాలి.

చెయ్యకూడనివి మూడు. మొదటిది గడపల వెల్డింగు. డోరు ఖాళీలకి అడ్డంగా ఇనప బద్దీలు వెల్డు చేసి పెట్టె కదలకుండా బిగించాకే పాత గడప కొయ్యాలి. కొలతలు తీసుకోకుండా కోస్తే కారు మధ్యలో కుంగిపోతుంది, మళ్ళీ ఎత్తడం ఎవరి తరమూ కాదు. రెండోది పెట్రోలు ట్యాంకు దగ్గర మంట. ట్యాంకు ఖాళీ అయినంత మాత్రాన సురక్షితం కాదు, అందులో మిగిలిన ఆవిరే బాంబు. మూడోది ఈకాలపు హార్డెనరు కలిపే టూకే పెయింటు. అందులోని ఐసోసయనేట్ల వల్ల ఆస్తమా వస్తుంది, వచ్చాక పోదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేనివాళ్ళు పక్కింటివాళ్ళ వంటిల్లు పక్కన స్ప్రే గన్ను పట్టుకోవడం హాబీ కాదు, నేరం. పాతకాలం సెల్యులోజ్ డూకో కొడతామంటారా, మంటకీ ఘాటుకీ భయపడుతూనే కొట్టండి. అదీ వానాకాలంలో కాదు. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి గాల్లో తడి దాని మీద పడుతుంది, రంగు పాలిపోతుంది. మా వైపు సంక్రాంతి వెళ్ళాక, మంచు విడిచి ఎండ ఎక్కాక కొట్టేదే కొట్టడం.

ఇక అసలు మాట. టింకరుకి కారు కాంట్రాక్టుకి ఇవ్వకండి. విప్పడం, గీకడం, తుప్పు వదిలించడం మీరు చేసుకుని, రేకు కోసే పనీ, కొట్టే పనీ, వెల్డింగూ ఆయన్ని రోజుకూలీకి ఇంటికి పిలిచి చేయించుకోండి. కాంట్రాక్టయితే ఎంత త్వరగా ముగిస్తే ఆయనకి అంత లాభం, అంటే పుట్టీ. రోజుకూలీ అయితే సుత్తికి టైమున్నట్టే. ఆ సుత్తి పని చూడ్డానికే రెండు కళ్ళూ చాలవు. మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉన్న రేకు సొట్టపడ్డప్పుడు సాగుతుంది. సాగినదాన్ని వెనకనుంచి గుద్దితే డబ్బా మూతలా టక్కుటక్కుమంటుందే తప్ప నిలబడదు. పాత టింకరు ఆ చోట గ్యాసు మంటతో రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ దెబ్బ వేసి, తడిగుడ్డ అద్దుతాడు. రేకు ముడుచుకుని బిగుస్తుంది. ఎక్కడ ఎన్ని దెబ్బలో ఏ పుస్తకమూ ఆయనకి చెప్పలేదు, అరచెయ్యి చెప్పింది. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి బిందెలు కొట్టేవాళ్ళని చూసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. లోహం ఎటు సాగుతోందో చప్పుడుని బట్టి తెలుసుకునే విద్య అది. మనకి గంటకి బిల్లింగు చేసే హక్కుంది గానీ ఆయనకి ఉండకూడదా?

చట్టం సంగతీ చూడండి. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయ్యింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. ఇంకోపక్క 2021 జులై నిబంధనల్లో 50 ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజిగా గుర్తించి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరిస్తామన్నారు. రోజువారీ వాడకానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అయితే సరే. అయితే చాసిస్, బాడీ, ఇంజను మార్పుచేర్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలని షరతు. మా 1978 బండికి 2028లో యాభై నిండుతాయి. పోయిన గడప స్థానంలో అదే కొలతతో, అదే ఆకారంలో వేసిన రేకు మార్పు కాదు, మరమ్మతే అని నా వాదన. ఆ వాదన నిలబడాలంటే కొయ్యకముందు, కోశాక, వేశాక తీసిన ఫొటోలు, కొలతలు మన దగ్గరుండాలి. పుట్టీ కింద దాచినదానికి ఏ సాక్ష్యమూ ఉండదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. అలాంటి కార్లకి నిపుణులు ఎక్కడినుంచైనా వస్తారు. మన పెళ్ళిళ్ళకీ, ఎన్నికలకీ, పురిటికి ఆసుపత్రికీ తిరిగిన అంబాసిడర్‌కి మాత్రం రోడ్డుపక్క షెడ్డులో అరవై ఏళ్ళ టింకరే దిక్కు. ఆయన కొడుకు ఆ పని నేర్చుకోలేదు, మన దగ్గరే టెస్టింగులో చేరాడు. తప్పు పట్టను, మన నాన్నలూ మనల్ని అలాగే పంపారు. కాకపోతే ఆ పెద్దాయన చెయ్యి ఆడుతున్న ఈ నాలుగేళ్ళలోనే మన కార్లలో నిజమైన రేకు పడాలి. తర్వాత డబ్బులెన్ని ఉన్నా దొరికేది పుట్టీయే.

కాబట్టి పాత కారు కొనే ముందు అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. కొన్నాక టింకరు కూలీ బేరమాడకండి. అమ్మేటప్పుడు తుప్పు ఎక్కడుందో కొనేవాడికి ముందే చెప్పండి. ఈ మూడూ చెయ్యలేనివాళ్ళు కొత్త కారు కొనుక్కోవడమే మంచిది, ఏమంటారు?