ఎలుగుకు ఏ బోర్ సరిపోతదట?

ఇప్పపువ్వు కాలం వచ్చిందంటే బెల్లంపల్లి నుంచి కాసిపేట, తిర్యాణి గుట్టల దాకా గూడేలల్ల ఒకటే భయం. గుడ్డెలుగు. ఆ భయంల నుంచి ఇప్పుడు ఒక కొత్త డిమాండ్ పుడుతున్నది. "ఆదివాసీలకు లైసెన్స్ రైఫిళ్లు ఇయ్యాలె" అని. దాని ఎనకనే ఇంకో ముచ్చట: ఏ బోర్ అయితే ఎలుగు ఒక్క దెబ్బకు పడ్తది? మన తమ్ముళ్లు ఫోన్లల్ల అమెరికా వేటగాళ్ల వీడియోలు చూసి, పాయింట్ 375 గొప్పదా, పాయింట్ 30-06 గొప్పదా అని కొట్లాడుకుంటున్నరు.

ఈ ప్రశ్నను నేను ఎక్కిరిస్తలేను. జవాబు కూడా చెప్త. ఆ వీడియోలల్ల కనిపించేది అలాస్కా గోధుమరంగు ఎలుగు. కోడియాక్ దీవుల పెద్ద మగది ఆరు వందల కిలోలు కూడా తూగుతది. మన ఎలుగు మగది 80 నుంచి 145 కిలోలు, ఆడది ఇంకా తక్కువ. పాయింట్ 375 అనేది 1912లో హాలండ్ అండ్ హాలండ్ అనే ఇంగ్లండు కంపెనీ పెద్ద జంతువుల వేట కోసం తెచ్చిన తూటా. మన ఎలుగుకు అది అక్కర్లేదు. 30-06 అనేది 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టింది. మన దేశపు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల పాయింట్ 315 అంటే 8 మిల్లీమీటర్ల బోర్, పదహారు గ్రాముల దగ్గర తూటా. సరిగ్గా తగిల్తే మన ఎలుగుకు అదే చాలు. బోర్ ముచ్చట అయిపాయె. ఇంతకంటే దాంట్ల ఏం లేదు.

అసలు ముచ్చట "సరిగ్గా తగిల్తే" అన్న కాడ ఉన్నది.

ఎలుగుకు ముక్కు బలం ఎక్కువ, చూపు తక్కువ. చెదల పుట్ట తవ్వుకుంట, రాలిన పువ్వు తినుకుంట తల వంచుకొని ఉంటది. మనిషి దగ్గరికి వచ్చేదాక దానికి తెల్వది. తెలిసినంక ఉరుకదు, మీదికి వస్తది. పిల్లలు వీపు మీద ఉన్న తల్లి అయితే చెప్పేదే లేదు. పది మీటర్ల దూరంల నుంచి మీద పడుటానికి దానికి సెకండున్నర పట్టదు. ఆ సెకండున్నరల భుజం మీది రైఫిల్ దించాలె, సేఫ్టీ తియ్యాలె, గురి చూడాలె, కాల్చాలె. చిమ్మచీకట్ల. చుట్టూ మన అక్కలు, పిల్లలు వంగి పువ్వు ఏరుతుంటరు. తూటా ఎలుగుకే తగుల్తదని ఎవరు రాసిస్తరు?

ఇంకో సంగతి. ఇప్పపువ్వు ఏరేది ఎవరు? తునికాకు తెంపేది ఎవరు? ఎక్కువ శాతం ఆడోళ్లు, ముసలోళ్లు, చిన్నపిల్లలు. రెండు చేతులు గంపల ఉంటయ్. మరి రైఫిల్ ఎవరి భుజం మీద ఉంటది? బోర్ గురించి వాదించే తమ్ముడి భుజం మీద. ఆ టైంకు ఆ తమ్ముడు మంచం మీద ఉంటడు. కోపం రావొద్దు, నిజం గదా.

కెన్నెత్ ఆండర్సన్ అనే షికారీ మైసూరు దిక్కు మనుషుల్ని చంపిన ఎలుగును వేటాడిన కథ రాసిండు. ఆయన చేతిల పాయింట్ 405 వించెస్టర్ ఉండేది. ఆయన ఎలుగు కోసమే పోయిండు. టైం ఆయనది, చోటు ఆయన చూసుకున్నది. మనం ఎలుగు కోసం పోతలేం, పువ్వు కోసం పోతున్నం. షికారీ లెక్కలు మనకు పనికిరావు. 2016 మార్చిల ఛత్తీస్‌గఢ్ మహాసముంద్ జిల్లాల ఒక ఎలుగు ముగ్గురిని చంపింది. అందుల ఒకరు అటవీ శాఖ అధికారే. తర్వాత పోలీసులు దాన్ని కాల్చి చంపిన్రు. తుపాకులకు ఆ రోజు కరువు లేకుండె. అవి పని చేసింది మాత్రం మూడు పాణాలు పోయినంకనే.

ఇగ చట్టం. దీన్ని ప్రతి గూడెంల చదివి వినిపించాలె. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972ల ఎలుగు మొదటి షెడ్యూల్ జంతువు. చంపితే మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాకా జైలు. కానీ అదే చట్టంల 11(2) సెక్షన్ ఉన్నది. నీ పాణం గానీ పక్కోళ్ల పాణం గానీ కాపాడుకోవడానికి, మంచి ఉద్దేశంతో జంతువును చంపితే నేరం కాదు అని చెప్తది. మన చాలామందికి ఇది తెల్వది. దాని కిందనే ఇంకో మెలిక ఉన్నది, అది ఇంకా తెల్వది. ఆ సమయానికి నువ్వు ఈ చట్టాన్ని ఉల్లంఘించే పని చేస్తుంటే ఆ రక్షణ నీకు రాదు. వేటకు బయల్దేరినోనికి రాదు. అభయారణ్యంలకు పర్మిషన్ లేకుండ ఆయుధంతో అడుగు పెట్టినోనికి రాదు, ఎందుకంటే 31వ సెక్షన్ కింద అదే తప్పు. అంటే ఏ తుపాకీ నిన్ను కాపాడ్తదని భుజాన ఏసుకుంటవో, కవ్వాల్ అభయారణ్యంల అదే నిన్ను జైలుకు పంపుతది.

ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే అనుకునేరు. ఆ చట్టంల ఆయుధం అర్థం చదువుండ్రి. విల్లు, బాణం, కత్తి, వల, ఉచ్చు అన్నీ అందులనే ఉన్నయ్. మా నాయకపోడ్ తాత నడుముకున్న కత్తి ఆయుధం. కోలాం అన్న వెదురు కొట్టే కత్తి ఆయుధం. పువ్వు ఏరుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(సి) ఇచ్చింది. ఆ పువ్వు కాడికి వట్టి చేతులతోని పొమ్మని ఇంకో చట్టం అంటది. కొట్లాడాల్సింది ఈ కత్తి గురించి. మనమేమో రాని రైఫిల్ బోర్ గురించి కొట్లాడుతున్నం.

రాని రైఫిల్ అని ఎందుకన్న? 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు బర్మారు తుపాకీ లైసెన్స్ గురించి మాట్లాడుతది, రైఫిల్ గురించి ఆ మాట లేదు. అది అధికారి దయ. వచ్చిందనే అనుకుందాం. ఎన్నికలొస్తే లైసెన్స్ తుపాకులు స్టేషన్ల జమ చెయ్యమంటరు. 2019ల మన దగ్గర పోలింగ్ ఏప్రిల్ 11న. 2024ల మే 13న. ఇప్పపువ్వు, తునికాకు కాలం అదే గదా. ఎలుగు గుట్ట మీద ఉంటది, నీ రైఫిల్ స్టేషన్ బీరువాల ఉంటది.

కొందరు మిత్రులు "కొమురం భీం తుపాకీ పట్టలేదా" అంటున్నరు. పట్టిండు. 1940ల జోడేఘాట్ల ఆయన పాణమిచ్చింది భూమి కోసం, అడవి కోసం. నిజాం కాలంల మహబూబ్ అలీ ఖాన్ పులుల మీద కాలు పెట్టి లాలా దీన్‌దయాళ్ కెమెరా ముందర నిలబడ్డడు. అడవి ఆయనకు షికారు, మనకు మాత్రం జుల్మానా. ఆ షికారీ టోపీ తెచ్చి భీం తలకు పెట్టొద్దు. ఇంకో తారీఖు కూడా యాది పెట్టుకోండ్రి. 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి. సర్కారు లెక్కలనే 13 మంది. ఆదివాసి చేతిల ఏమీ లేనప్పుడే అట్ల కాల్చిన్రు. చేతిల రైఫిల్ కనిపిస్తే ఈ జిల్లాల ఏ పేరు పెడ్తరో మీ నాయినలను అడుగుండ్రి.

అసలు ఎలుగు ఊర్లకు ఎందుకు వస్తున్నది? అది గుట్టల సొరికెలల్ల, బండల కింద ఉండే జంతువు. కరీంనగర్ గుట్టలను టాన్ బ్రౌన్ గ్రానైట్ పేరు మీద కోసి ఎగుమతి చేసిన్రు. 2023ల ఎలుగు కరీంనగర్ పక్కన రేకుర్తిల కనిపిస్తే అందరు ఇచ్చంత్రం చూసిన్రు. మన దిక్కు ఓపెన్‌కాస్టులు, సిమెంటు కోసం సున్నపురాయి తవ్వకాలు, రాత్రి పగలు బ్లాస్టింగులు. దాని ఇల్లు పేల్చినోనికి ఏ షెడ్యూల్ లేదు, ఏ సెక్షన్ లేదు. దాని పంజా మాత్రం మన అక్క ముఖం మీద పడ్తది.

మత్తు తుపాకీతోని అంతా అయిపోతదని కూడా అనుకోవద్దు. 2022 జూన్ల శ్రీకాకుళం జిల్లా కిడిసింగిల ఒకరిని చంపి, ఇంకొందరిని గాయపరిచిన ఎలుగును పట్టుకున్నరు, అది జూకు చేరకముందే చచ్చింది. మనుషులూ పోయిన్రు, ఎలుగూ పోయింది.

కాబట్టి వచ్చే గ్రామసభల రైఫిల్ అర్జీ పెట్టకుండ్రి. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, జంతువులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది, దాని కింద తీర్మానం రాయుండ్రి. తెల్లారినంకనే గుంపుగా పోవాలె, చప్పుడు చేసుకుంట పోవాలె. ఇది మనం మనకే పెట్టుకునే కట్టుబాటు. తెల్లారేదాక పువ్వు మట్టిల పడి పాడు కాకుండ చెట్ల కింద కట్టే వలలు గిరిజన సహకార సంస్థ ఉచితంగ ఇయ్యాలె. వల కట్టిన చెట్టు కాడికి చీకట్ల ఉరికే అవసరం ఉండదు. ఎలుగు చీరిన ముఖానికి కుట్లేసి పంపుడు కాదు, కన్ను, దవడ, చర్మం అన్నీ బాగయ్యేదాక వైద్యం సర్కారు ఖర్చుతోని కావాలె. ఆ దెబ్బ తగిలినోళ్లు పని చెయ్యలేని నెలలకు కూలి కట్టియ్యాలె. కొత్త క్వారీకి గ్రామసభ ఒప్పుకునే ముందు ఆ గుట్టల ఎలుగు సొరికెలు ఎన్ని ఉన్నయో మనమే తిరిగి రాసుకోవాలె. ఇగ ఆఖరుది: పువ్వుకు, ఆకుకు పోయే మనిషి నడుముకున్న కత్తి, చేతిల గొడ్డలి ఆయుధం కాదు, పనిముట్టు అని అటవీ శాఖ రాతపూర్వకంగ ఉత్తర్వు ఇయ్యాలె. ఆ కాగితం వచ్చేదాక డివిజన్ ఆఫీసు ముందర కూసుందాం.