తెర చీకటియైనంతనే యంత్రమును నిందింపరాదు

ఇంటిలోని కంప్యూటరు తెర హఠాత్తుగా నల్లనైనప్పుడు గృహస్థు మనస్సున మొట్టమొదట పొడసూపు భావము యంత్రము పాడైపోయినదనునదియే. ఆ భావమునకు లోబడి, పరీక్ష యన్న మాటయే తలపెట్టక, మరమ్మతు దుకాణమునకు ఫోను చేయుటయో, క్రొత్త మానిటరు వెల విచారించుటయో జరుగుచున్నది. పిల్లల పాఠములకు, ఉద్యోగ దరఖాస్తులకు, కరెంటు బిల్లులకు, దూరదేశముననున్న బిడ్డల ముఖము చూచుటకు ఆధారమైన యీ పరికరము మధ్యతరగతి కుటుంబమునకు విలాసవస్తువు కాదు. దానిపై తొందరపాటున వెచ్చించు ప్రతి రూపాయియు మరియొక అవసరమునుండి కోసి తెచ్చినదే. కావున తెర చెడినప్పుడు కారణమును వెదకు క్రమము ప్రతి యింటను తెలిసియుండవలెననియు, దానిని జనులకు తెలియజెప్పు బాధ్యత అమ్మువారిదియు, బాగుచేయువారిదియుననియు నా దృఢాభిప్రాయము.

ఆ క్రమమునకు చిత్రము నడచు దారియే ఆధారము. చిత్రమును కంప్యూటరు పెట్టెలోని గ్రాఫిక్స్ చిప్పు కల్పించును, కేబులు మోయును, మానిటరులోని బోర్డు అందుకొనును, తెర వెనుకనున్న దీపములు వెలిగి దానిని కంటికి కనిపింపజేయును. చివరి పొలమునకు నీరందని రైతు తూము మొదలుకొని కాలువగట్టు వెంట నడచి చూచునే గాని, చెరువెండినదని తీర్పు చెప్పి యింటికి మరలడు. ఇచ్చటను చేయవలసినది ఆ నడకయే.

మానిటరు అంచుననున్న చిన్న దీపము మొదటి గుర్తు. అది బొత్తిగా వెలుగకున్నచో ముందుగా చూడవలసినది ప్లగ్గును, స్విచ్‌బోర్డును, పవర్ కార్డును. వెలుగుచునే, అనేక మానిటరులయందువలె నారింజ వన్నెకు తిరిగినచో, మానిటరునకు కరెంటు అందుచున్నదనియు, చిత్రము మాత్రము చేరుటలేదనియు గ్రహింపవలెను. తెరపై ‘నో సిగ్నల్’ అను మాట తేలుట తెర ఆరోగ్యమునకు సాక్ష్యమే, ఏలయన చెడిన తెర ఆ మాటనైనను చూపజాలదు. అప్పుడు మానిటరు మీటలతో ఇన్‌పుట్‌ను పరికించినచో, కేబులు హెచ్‌డీఎంఐ రంధ్రమున నుండగా మానిటరు వీజీఏ కొరకు ఎదురుచూచుచుండుట తరచుగా బయటపడును. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు గల యంత్రములలో, ఊడిన కేబులును మరల గ్రుచ్చువారు పొరపాటున మదర్‌బోర్డు రంధ్రమున గ్రుచ్చుటయు కలదు. కార్డున్నప్పుడు అనేక యంత్రములలో ఆ రంధ్రము పనిచేయదు. దుకాణమునకు మోసికొనిపోయిన పెట్టె అచ్చట వేరొక కేబులుతో చక్కగా వెలిగి యజమానిని విస్మయపరచుటకు ఇట్టివే కారణములు.

బొమ్మ వచ్చియు వన్నెలు చెడినప్పుడు పరీక్ష మరింత రమ్యమగును. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ పద్ధతి పాత మానిటరులకు నేటికిని ఆధారము. దాని 15 పిన్నులలో మొదటి మూడును క్రమముగా ఎరుపును, ఆకుపచ్చను, నీలమును వేర్వేరుగ మోయును. నీలమును మోయు పిన్ను వంగినను, తీగ తెగినను, తెల్లగానుండవలసిన పుట యంతయు పసుపుపచ్చనగును; ఆకుపచ్చ తప్పినచో ముదురు గులాబి వన్నెయు, ఎరుపు తప్పినచో నీలియాకుపచ్చయు తెరనాక్రమించును. తొమ్మిదవ పిన్ను అనేక కేబుళ్లలో తయారీయందే ఉండదు గాన ఆ ఖాళీని చూచి బెదరవలదు. ఏ రంగు లోపించినదో తెరయే విశదముగ చెప్పుచుండగా, కొద్దిపాటి వెలకు దొరకు కేబులును మార్చి చూడక మానిటరునే మార్చుట క్షమింపరాని దుర్వ్యయము.

పెట్టెలో ఫ్యాను తిరుగుచు, దీపములు వెలుగుచు, బొమ్మ మాత్రము రాకున్నచో తాత్కాలిక స్మృతిపలకయైన ర్యామును అనుమానింపవలెను. దాని అంచునగల బంగారు పూతపై ధూళియు తేమయు చేరి స్పర్శను చెరచును. ప్లగ్గు తీసివేసి, పవర్ మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి, పెట్టె లోహమును తాకి దేహమునందలి స్థిరవిద్యుత్తును వదలి, ర్యామును బయటకు తీసి, పెన్సిలు రాతను చెరుపు రబ్బరుతో ఆ అంచును మెల్లగ రుద్ది, పొడి తుడిచి, టక్కుమను వరకు మరల అమర్చుట ఓపికగల యెవరికైనను సాధ్యమే. కొన్ని బోర్డులు కూతలతో తమ బాధను తెలుపును. అవార్డు అను బయోస్ ప్రోగ్రాము గల పాత యంత్రములలో ఒక దీర్ఘమును రెండు హ్రస్వములును వినబడినచో దోషము గ్రాఫిక్స్ భాగమున నున్నదని అర్థము. అయితే మానిటరును గాని, పవర్ సప్లై డబ్బాను గాని ఇంట విప్పనేకూడదు. ప్లగ్గు తీసిన పిమ్మటను వానియందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

తెరపై గీతలు పడినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి దానిని ఫోనులో తెరచి చూడవలెను: గీతలు అందును కనిపించినచో దోషము గ్రాఫిక్స్ కార్డుదో దానిని నడుపు డ్రైవరు సాఫ్ట్‌వేరుదో యగును, కనిపింపకున్నచో కేబులుదో మానిటరుదో యగును. ల్యాప్‌టాపు తెర నల్లనైనప్పుడు టార్చిలైటు వెలుగును ఏటవాలుగ ప్రసరింపజేయగా బొమ్మ మసకగ కనబడినచో, చెడినది వెనుక దీపమే గాని చిత్రము కాదు. విండోస్ 10, 11 లలో విండోస్ మీటను, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి కలిపి నొక్కినచో గ్రాఫిక్స్ డ్రైవరు తిరిగి మొదలగును.

ఇన్నియు చూచిన పిమ్మటను తెర వెలుగకున్నచో నిపుణుని ఆశ్రయింపవలసినదే. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో బోర్డుపై భాగమును గుర్తించి టంకము వేయగల నేర్పరులు కలరు. వారి విద్యకు నేను నమస్కరింతును. నాకు సమ్మతము కానిది, పరీక్షింపకయే ఒకదాని వెంబడి నొకటిగ భాగములను మార్చి, అన్నిటి వెలను వసూలుచేయు పద్ధతి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. ఎలక్ట్రానిక్ పరికరములును అందున్నవి. ఇదేరీతిని తయారీదారులును తమవంతుగా, అట్టపెట్టెలో పరభాషలలో ముద్రించి పెట్టు కరపత్రములతోపాటు, పై పరీక్షల వంటివానిని బొమ్మలతో తెలుపు ఒక్క పుటనైనను తెలుగున ముద్రింపవలెను. పాఠకులారా, మీరు యంత్రమును మరమ్మతునకిచ్చునప్పుడు ఏ భాగము చెడినదో, అది చెడినదని ఎట్లు తేలినదో అడుగుడు, తీసివేసిన పాత భాగమును చేతికి పుచ్చుకొనుడు. అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915నకు ఫిర్యాదు చేయుటకు సంకోచింపకుడు.