బొమ్మ రైలు ఎవరి కోసం?

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో బొమ్మ రైళ్ళ మీద వ్యాసమేమిటని మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. సంచిక అనగానే క్రమశిక్షణ, చదువు విలువ, మహనీయుల ఆశయాలు, గురువులకు కృతజ్ఞతలు గుర్తొస్తాయి. అవన్నీ ఉండవలసినవే. అయితే ఒక వస్తువు మన ముందుకు వచ్చినప్పుడు దానిని ఎలా చూడాలి, దాని మంచిచెడ్డలు ఎవరు చెప్పాలి, ఎవరి మాట చెల్లాలి అన్నది కూడా చదువులో భాగమేనని మా అభిప్రాయం. ఈ సంగతి బ్రిటన్‌లోని బొమ్మ రైళ్ళ అభిమానుల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక విషయం. ఇవి తిరునాళ్ళలో కీ ఇచ్చి వదిలే బొమ్మలు కావు. నిజమైన ఇంజనును ఒక లెక్క ప్రకారం తగ్గించి, విద్యుత్తుతో పట్టాల మీద నడిపే నమూనాలు. హార్న్‌బీ అనే పేరున్న సంస్థ చాలా ఏళ్ళపాటు ఆ సంవత్సరం తేబోయే ఇంజన్లు, పెట్టెల జాబితాను జనవరిలో ప్రకటించేది. పరీక్షా ఫలితాల రోజున నోటీసు బోర్డు దగ్గర మనం ఎలా గుమిగూడతామో, ఆ జాబితా మీద అభిమానులు అలా పడతారు. అచ్చు కొత్తదా, లేక పాత అచ్చుకే రంగు మార్చారా? ఈ ఇంజనుకు ఆ కాలంలో ఆ రంగు ఉండేదా? పొగగొట్టం ఎత్తు సరిగ్గా ఉందా? ధర ఎంత? ఇలా ప్రశ్నల వర్షం కురుస్తుంది. ఇలాంటివారిని 'రివెట్లు లెక్కపెట్టే వాళ్ళు' అని సాటి అభిమానులే కొందరు ఎగతాళి చేస్తారు. మాకు మాత్రం ఇందులో నవ్వవలసింది ఏమీ కనిపించదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2022 అక్టోబరులో హార్న్‌బీ 'టీటీ:120' అనే కొత్త పరిమాణాన్ని ప్రకటించింది. అంటే అసలు రైలులో 120వ వంతు. పట్టాల మధ్య దూరం 12 మి.మీ. దీనిని 120తో గుణిస్తే 1440 వస్తుంది. బ్రిటన్‌లో అసలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. మన హైదరాబాదు మెట్రోది కూడా ఇదే. తేడా 5 మి.మీ. మాత్రమే. అదే అక్కడ ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్న 'ఓఓ' పరిమాణం చూడండి. ఇంజను 76వ వంతు, పట్టాల మధ్య 16.5 మి.మీ. గుణిస్తే 1254. అంటే అసలు దానికంటే 18 సెంటీమీటర్లు తక్కువ! బ్రిటన్ ఇంజన్లు చిన్నవి, ఆ రోజుల్లో మోటార్లు పెద్దవి. మోటారు పట్టడానికి ఇంజను ఒళ్ళు పెంచారు గానీ పట్టాలను పెంచలేదు. ఆ సర్దుబాటే ఇప్పటికీ కొనసాగుతోంది.

కాబట్టి కొత్త ప్రకటన రాగానే ఒక వర్గం సంతోషించింది. లెక్క సరిపోయింది, చిన్న ఇంట్లో బల్ల మీదే రైల్వే కట్టుకోవచ్చునన్నది వారి మాట. మరో వర్గం, ఇన్నేళ్ళు కూడబెట్టిన ఓఓ ఇంజన్ల గతి ఏమిటని ప్రశ్నించింది. 1957లో ట్రయాంగ్ సంస్థ తెచ్చిన మరో 'టీటీ' కొన్నేళ్ళకే ఆగిపోయిందని పెద్దవాళ్ళు గుర్తుచేశారు. మొదట్లో సంస్థ సరుకును తానే నేరుగా అమ్మడంతో దుకాణదారులు నొచ్చుకున్నారు. తర్వాత దుకాణాలకూ ఇచ్చారు.

ఈ ముగ్గురిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఎవరి చేతిలో ఉన్నదాన్ని బట్టి వారు మాట్లాడారు. మా ప్రశ్న వేరు. అసలు చేతిలో ఏమీ లేనివాడి మాట ఎక్కడ?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. 2013 ప్రాంతంలో ఇదే సంస్థ 'డిజైన్ క్లెవర్' అనే పద్ధతి తెచ్చింది. చేతి కమ్మీల వంటి సన్నని భాగాలను విడిగా తగిలించకుండా ఇంజను ఒంటితోనే కలిపి అచ్చుపోస్తే ఖర్చు తగ్గుతుందన్నది ఆలోచన. అనుభవమున్న అభిమానులు చాలామంది ఒప్పుకోలేదు. సూక్ష్మమైన పనితనం పోయిందన్నారు. కొద్దికాలానికే ఆ పద్ధతి వెనక్కు పోయింది. అభిమానుల మాట నెగ్గింది, సంతోషమే. కానీ కమ్మీ కలిసి ఉన్నా ఫరవాలేదు, ధర తగ్గితే చాలు అనుకునే పిల్లవాడు ఆ చర్చలో లేడు. కొనలేనివాడి అభిప్రాయం కొనేవాడి అభిప్రాయం పక్కన ఎప్పుడూ నిలబడదు. ఇప్పుడు అక్కడ మంచి ఇంజను ఒకటి 200 పౌండ్లు దాటడం మామూలైపోయింది. మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే.

చరిత్ర చూస్తే ఇది పిల్లల కోసం పుట్టిన వస్తువు. ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం రేకు ముక్కలతో, బోల్టులతో బిగించుకునే ఆటవస్తువు చేసి 1901లో పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత 'మెకానో' అయింది. 1920లో ఆయన సంస్థ తెచ్చిన తొలి రైళ్ళు కూడా బోల్టులు విప్పి మళ్ళీ బిగించుకునేవే. అంటే రైలు బొమ్మ కంటే రైలు కట్టడం ముందు! ఈనాడు కొత్త ప్రకటనల్లో చప్పట్లు ఎక్కువగా తయారై వచ్చే ఇంజన్లకే పడుతున్నాయి. ముక్కలుగా వచ్చి మనం అతికించుకునే కిట్లకు అంత సందడి ఉండదు. మా దృష్టిలో అసలు వార్త కిట్టే. ఇంగ్లండులో మెట్‌కాఫ్ వంటి సంస్థలు అచ్చువేసిన అట్టతో స్టేషన్లు, ఇళ్ళు కట్టుకునే కిట్లు అమ్ముతున్నాయి. తయారై వచ్చిన ఇంజను యజమానిని చేస్తుంది, కిట్టు పనివాడిని చేస్తుంది.

పనివాడు కావడం వల్ల లాభమేమిటని అడిగేవారికి అమెరికా నుంచి ఒక సంగతి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1946లో విద్యార్థులు బొమ్మ రైళ్ళ సంఘం పెట్టుకున్నారు. పట్టాల కింద తీగలు కలపడానికి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలు, స్విచ్చులు వాడారు. ఆ తీగలతో కుస్తీ పట్టిన కుర్రవాళ్ళే తర్వాత అక్కడి తొలితరం కంప్యూటర్ల మీదికి వెళ్ళారు. తొలినాటి కంప్యూటర్ ఆటల్లో ఒకటైన 1962 నాటి 'స్పేస్‌వార్' వెనుక ఆ సంఘం వాళ్ళున్నారు. బొమ్మ చిన్నదైనా దాని లోపలికి చూసినవాడి బుర్ర పెద్దదవుతుంది.

ఇక మన సంగతి. మనకు దుప్పటి ఇచ్చినా, నోటు పుస్తకం ఇచ్చినా తీసుకుని సంతకం పెట్టి వచ్చేస్తాం. తిప్పి చూడడం, కొలవడం, ఫలానా చోట కుట్టు లేదని చెప్పడం కృతఘ్నత అనుకుంటాం. కాదు మిత్రులారా! ఆ అభిమానులు తప్పులు ఎంచేది రైలంటే ప్రేమ లేక కాదు, ఉండబట్టే. తెలిసి అడిగే ప్రశ్నను ఎవరూ అల్లరి అనలేరు. అందుకే నోరు తెరిచే ముందు చేతిలో కొలబద్ద ఉండాలి.

ఆ అలవాటుకు మేము ఒక చిన్న ప్రతిపాదన చేస్తున్నాము. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. దీనిని 100తో భాగిస్తే 16.76. బ్రిటన్ వాళ్ళకు 18 సెంటీమీటర్లు తప్పిన ఆ 16.5 మి.మీ. పట్టా, నూరో వంతు లెక్కలో మన రైలుకు ఇంచుమించు సరిపోతుంది! మీటరుకు సెంటీమీటరు, ఏడో తరగతి పిల్లవాడు కూడా వేయగల లెక్క. పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 2018 వరకు తయారుచేసిన పాత నమూనా పెట్టె పొడవు 21.3 మీటర్లు, వెడల్పు 3.2 మీటర్లు. కొత్త ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు 23.5 మీటర్లు. నూరో వంతులో ఇవి 21.3, 23.5 సెంటీమీటర్లు. పాత పరీక్ష అట్ట, జిగురు, బ్లేడు, స్కేలు ఉంటే చాలు. ఏ కంపెనీ ప్రకటన కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

రైల్వేలో ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు సెలవుల్లో వచ్చినప్పుడు తలుపు ఎత్తు, కిటికీ వెడల్పు, చక్రం కొలత చెప్పి పోతే అదే మాకు పెద్ద కానుక. వచ్చే వార్షికోత్సవానికి భోజనశాల బల్ల మీద ఒక అట్ట రైలు నిలబడాలి. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ స్కేలు పెట్టి కొలిచి తప్పులు చెప్పాలి. మా చిన్న తమ్ముళ్ళు వాటిని రాసుకుని మరుసటి పెట్టె ఇంకా సరిగ్గా చేయాలి. ఆ రోజున 'బొమ్మ రైలు ఎవరి కోసం?' అని ఎవరైనా అడిగితే, 'చేసినవాళ్ళ కోసం' అని ధైర్యంగా చెప్పవచ్చు.